గళ్ళ చొక్కా వెంట చేపపిల్లలు

చేపల గదిలో అటెండరు పని చూసేవాళ్ళకు తేలికే. వరసలు వరసలుగా గాజుతొట్లు, వాటి నిండా కళ్ళు తప్ప ఒళ్ళే కనబడని చేపపిల్లలు. నీళ్ళు మార్చాలి, మేత వేయాలి, పంపులు ఆగకుండా చూడాలి. పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్న ఆయన్ని అక్కడ అందరూ బాబాయ్ అనేవారు.

పరిశోధన చేసే మేడమ్ ఆయనకు సంగతంతా విడమరచి చెప్పింది. "గుడ్డులోంచి వచ్చిన కొత్తలో, కంటి నుంచి మెదడుకి తీగలు పాకుతుంటాయి బాబాయ్. ఏ తీగ నిలవాలో, ఏది రాలిపోవాలో తేలేటప్పుడు సెరటోనిన్ అనే రసాయనం మాట చెల్లుతుంది."

"పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట."

"అలాంటిదే. మోతాదు మించితే అడ్డమైన సంబంధాలూ కుదురుస్తుందని నా అనుమానం. అందుకే సగం తొట్లలో దాన్ని పెంచాను."

ఆ వారమంతా బాబాయ్ ఒక్క చొక్కాతోనే నెట్టుకొచ్చాడు. ఎరుపూ నలుపూ గళ్ళది. ఆయన భార్య దర్జీ. బడి యూనిఫారాల పనిలో తలమునకలై మొగుడి బట్టల మొహం చూడలేదు.

ఎనిమిదో రోజున చూపు పరీక్షకని మేడమ్ తొట్ల పక్కన తెర పెట్టి, దాని మీద చారలు కదిలించింది. మామూలు తొట్లలోని పిల్లలు బుద్ధిగా చారల వెంట ఈదాయి. సెరటోనిన్ పెంచిన తొట్లలోవి ఉలకలేదు, పలకలేదు. ఇంతలో బాబాయ్ మేత డబ్బాతో లోపలికొచ్చాడు. అంతే, ఆ పిల్లలన్నీ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి. ఆయన ఎడమకు నడిస్తే ఎడమకు, కుడికి నడిస్తే కుడికి.

మేడమ్ ఆయన్ని నలభైసార్లు నడిపించింది. వేరే చొక్కా తొడిగిస్తే ఒక్కటీ కదల్లేదు. గళ్ళ చొక్కా తనే తొడుక్కుని నడిస్తే, సగం తిరిగి మనసు మార్చుకున్నాయి. చొక్కా కావాలి, మనిషీ కావాలి; తీగలు పాకిన వారమంతా వాటి కళ్ళ ముందున్న జంట అదే మరి. ఇంట్లో మూడుసార్లు పిలిస్తే గాని ఎవరూ తలెత్తి చూడని బాబాయ్‌కి ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో.

మర్నాడు స్టోర్‌కీపర్ వచ్చి చొక్కా జేబు మీద నంబరు అంటించాడు.

"ఫలితం దేని మీద ఆధారపడితే అది పరికరం. ఇక ఉతకకూడదు, రంగు మారుతుంది."

"మరి నేను?"

స్టోర్‌కీపర్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. "మీరు దాని స్టాండు."

పది రోజులు ఓర్చుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని భార్య ప్రయోగశాలకు వచ్చింది.

"చొక్కా ఇస్తారా, ఈయన్నే ఉంచేసుకుంటారా?"

"పరికరానికి నీళ్ళు తగలకూడదమ్మా," అన్నాడు స్టోర్‌కీపర్.

"నేను కుట్టిన చొక్కాకి నువ్వెవరివయ్యా చెప్పడానికి?"

మేడమ్ ఆవిడను చేపల గదిలోకి తీసుకెళ్ళింది. బాబాయ్ నడిచాడు. వేల కళ్ళు ఆయన వెంట నడిచాయి. ఆవిడ కొంగు దించి చాలాసేపు చూసింది.

"పెళ్ళైన కొత్తలో నేనూ ఇలాగే చూసేదాన్ని," అంది.

"ఎన్నాళ్ళు?" మేడమ్ నోటుపుస్తకం తెరిచింది.

"అది రాసుకోవద్దు."

చివరికి రాజీ కుదిరింది. ఇంట్లో చొక్కా, దాంతోపాటు బాబాయ్ పడకా బాల్కనీలోకి మారాయి.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం బాబాయ్ లోపలికొస్తే ఒక్క చేపా తిరగలేదు. ఆయన అటూ ఇటూ నడిచాడు. దగ్గాడు. తొట్టి దగ్గర వంగి చొక్కా అంచు ఊపాడు.

"పెద్దవయ్యాయి బాబాయ్, తీగలు మళ్ళీ సర్దుకున్నాయి," అంది మేడమ్, ఆనందం పట్టలేక. "అడ్డమైన సంబంధాలు నిలవవని తేలింది. నాకు కావలసిన ఫలితం ఇదే."

పని చేయని పరికరాన్ని ఆ రోజే స్టోరులో జమ చేయాలట. స్టోర్‌కీపర్ చొక్కా విప్పించుకుని, కారణం గడిలో 'చేపలు పెద్దవయ్యాయి' అని రాశాడు. బాబాయ్ మేడమ్ తెల్లకోటు తొడుక్కుని బస్సెక్కాడు. కోటు చేతులు ఆయన మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. దారిలో ఒక ముసలాయన ఆయనకు తన మోకాలు చూపించి మందు అడిగాడు.

భార్య తలుపు తీసి ఎగాదిగా చూసింది. "చొక్కా ఏది?"

"జమ చేసుకున్నారు."

"మరి మిమ్మల్ని?"

"నా గురించి నిబంధనల్లో ఏమీ లేదట."

ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. "నీళ్ళు వేడిగా ఉన్నాయి. ముందు స్నానానికి నడవండి."