హెర్షెల్ పలకలేదు

పోలండ్‌లో మూడో రోజు పొద్దున కూడా బస్సులో గొడవంతా తిండి గురించే. ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి మోసుకొచ్చిన డబ్బా చేపలు తిని తిని బడి పిల్లలకు మొహం మొత్తింది.

"త్రెబ్లింకా వచ్చేలోగా తినెయ్యండర్రా! చిక్కిపోయి వెళ్తే మీ అమ్మలు తిట్టేది నన్నే" అన్నారు చరిత్ర చెప్పే అమీకం మాస్టారు.

పదిహేడేళ్ళ ఓఫ్రా తన డబ్బా తెరవనే లేదు. కోటు జేబులో అమ్మమ్మ ప్నీనా రాసిచ్చిన కాగితం ఉంది. అందులో ఒకటే పేరు. హెర్షెల్ వైన్‌ట్రౌబ్, నాలుగేళ్ళు. అమ్మమ్మ తమ్ముడు. యాభై ఒక్క ఏళ్ళ కిందట, నాజీలు యూదుల్ని రైళ్ళలోకి తోలుతుంటే లుబ్లిన్ స్టేషన్ తొక్కిసలాటలో, పన్నెండేళ్ళ అక్క చేతిలోంచి వాడి చెయ్యి జారిపోయింది.

"ఎలా పలుకుతాడో విను. నా మీద కోపంగా ఉన్నాడేమో కనుక్కో. నా దగ్గర దాచకు" అని అమ్మమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

నాజీలు లక్షలమంది యూదుల్ని చంపిన శిబిరం ఉండిన త్రెబ్లింకాలో, పోయినవాళ్ళ గుర్తుగా నాటిన రాళ్ళ మధ్య, పిల్లలు గుండ్రంగా నిలబడి తమవాళ్ళ పేర్లు చదివారు. ఏటా జరిగేదే. పేరు చదవగానే ఆ మనిషి పలుకుతారు. శిబిరంలో పోయినా, అడవిలో పోయినా, దారిలో పోయినా అందరూ అక్కడే పలుకుతారు. షాయ్ వాళ్ళ ముత్తాత దగ్గుతూ "ఆఁ, ఉన్నా" అన్నాడు.

"పోయాక కూడా చుట్ట మానలేదు ముసలాయన" అన్నాడు షాయ్, కళ్ళు తుడుచుకుంటూ.

ఓఫ్రా వంతు వచ్చింది. చదివింది. గాలి తప్ప ఏమీ లేదు. మళ్ళీ చదివింది. గొంతు పెంచి ఏడుసార్లు పిలిచింది.

"చిన్నవాడు కదా, సిగ్గుపడుతున్నాడేమో" అన్నాడు షాయ్.

"పోయినేడు ఆర్నెల్ల పాప కూడా ఊఁ కొట్టిందిరా" అన్నారు మాస్టారు మెల్లగా.

అంత కోపమా వాడికి అనుకుని ఓఫ్రా కుమిలిపోయింది. నవ్వుతూ పలికాడని చెబుదామనే ఆ సాయంత్రం హోటల్ నుంచి ఫోను చేసింది. కానీ అమ్మమ్మ గొంతు వినగానే అబద్ధం నోటికి రాలేదు.

"పలకలేదు అమ్మమ్మా."

"మిగతావాళ్ళు పలికారా?"

"అందరూ పలికారు."

అవతల అమ్మమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవగా ఓఫ్రా వినడం అదే మొదటిసారి.

"నాజీల చేతిలో పోయినవాళ్ళ పేర్లు జెరూసలేంలో రాసుకుంటారుగా, ఆ పత్రం నింపింది నేనేనే. వాడి పేరు నా చేత్తోనే రాశాను. పోయాడని ఇన్నేళ్ళూ కుమిలానే గానీ, ఒక్కరోజైనా వెతకలేదే!"

"ఊరుకో అమ్మమ్మా, ఏడవకు."

"ఏడుస్తూ కూర్చుంటే ఎలా? వాడికి యాభై అయిదు వచ్చాయి" అంది అమ్మమ్మ, ముక్కు చీదుకుంటూ. "ఫోను పెట్టెయ్యి. అక్క చచ్చిపోయిందనుకుని ఏ ఊళ్ళో ఏడుస్తున్నాడో, ఏమో."