పెదవులు తడపడం వరకే

వకీలు రాజలింగం నల్లకోటు జనగామలో వదిలేసి అడవికి వచ్చినప్పుడు దొరల మీద తిరగబడ్డ దళం వాళ్లు పడీ పడీ నవ్వారు. తుపాకీ ఇస్తే కాగితాల కట్టలా చంకలో పెట్టుకున్నాడు.

"మిలిట్రీకి సుత పేషీ పెడ్తవా సాబూ?" అన్నారు.

కోర్టు కచేరీలో, పేషీ పేషీకీ, రైతుల తరఫున ఏండ్ల తరబడి నోరు అరగదీసుకున్నాడు. గెలిచిన భూములన్నీ తిరిగి తిరిగి దొరల గడీలకే చేరాయి. ఇక నోటితో పనిలేని పని చేయాలనుకున్నాడు. గాయపడ్డవాళ్లకు సేవ చేస్తానన్నాడు.

మానుకోట అడవిలో, గుట్ట కింద ఒక తడికెల గుడిసె. అదే దళం దవాఖాన. చూసుకునేది చిలుకమ్మ. మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చిన మనిషి.

"పట్టీ కట్టుడు ఆఖర్ల. ముందుగాల నేను చెప్పినయన్ని దాటాలె" అంది.

నెత్తుటి గుడ్డలు ఉడకబెట్టాడు. రోగుల దొడ్డికుండలు మోశాడు. ఒకని కాలు కోస్తుంటే అదిమి పట్టుకుని, కండ్లు తిరిగి వాని మీదనే పడ్డాడు. మరొకని కాలు కోసినప్పుడు పడలేదు. ఇంకొక్కటి మిగిలిందంది చిలుకమ్మ. ఏమిటో చెప్పలేదు.

ఒక పొద్దున దంతాలపల్లి దిక్కు నుంచి భిక్షపతి అనే రైతును మంచం మీద మోసుకొచ్చారు. మిలిట్రీ కాల్పుల్లో కడుపులో గుండు దిగింది. పెండ్లాం గంగి మంచం కోడు పట్టుకుని వెంట వచ్చింది. చిలుకమ్మ గాయం చూసి, కట్టు కట్టి, రాజలింగాన్ని బయటికి పిలిచింది.

"కడుపుల గుండు దిగినోనికి నీళ్లు తాపొద్దు. తడిగుడ్డతోని పెదవులు తడుపు, గంతే. గిదే నీ ఆఖరిది. ఎవ్వలేడ్సినా గుక్కెడు పొయ్యకు. పోసినవా, జనగామ తొవ్వ పట్టు."

"బతుకుతడా అక్కా?"

"చెప్పింది చెయ్."

పొద్దెక్కే కొద్దీ భిక్షపతి నాలుక బెరడులా ఎండింది. "అన్నా... నీళ్లు" అన్నాడు. రాజలింగం పెదవులు తడిపాడు. వాడు గుడ్డను పండ్లతో పట్టి చీకాడు. రాజలింగం గుంజేశాడు.

"జర పోయన్నా" అంది గంగి.

"పోస్తే పానం మీదికొస్తదమ్మా. నీ మేలుకే..."

"కచేరీ మాటలు నా తాన పెట్టకు. పోతుండని నాకు తెల్వదా? పోయేటోని గొంతుల నీళ్లు పోస్తరన్నా. మా బాపు గడీల దెబ్బలు తిని సచ్చిండు. గా దొర సుత చెంబెడు నీళ్లియ్యమన్నడు."

ఆమె కుండ మీద చెయ్యి వేసేలోగా రాజలింగం కుండను ఎత్తుకుని గడప మీద కూర్చున్నాడు. గంగి వచ్చి కాళ్ల మీద పడింది.

"నీ బాంచెన్. ఒక్క గుక్క."

ఆ బానిస మాట ఎవరూ ఎవరికీ అనని రోజు కోసమే అతడు అడవికి వచ్చాడు. కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కుండ మాత్రం వదలలేదు.

ఎండ నడినెత్తికి రాకముందే భిక్షపతి పోయాడు. నోరు తెరిచే ఉంది. పండ్ల సందున గుడ్డ పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

చిలుకమ్మ వచ్చి వాని కండ్లు మూసింది.

"పోసినవా?"

"పొయ్యలే."

"మంచిది. రేపటి సంది పట్టీలు కట్టు."

రాజలింగం కుండ ఒళ్లో పెట్టుకుని గడప మీదనే ఉన్నాడు. "పొయ్యకుంటే బతుకుతడనుకున్న అక్కా."

"మోసుకొచ్చినప్పుడే అయిపోయిండు. పోసినా గింతే, పొయ్యకున్నా గింతే."

"మరెందుకు వద్దన్నవ్?"

"బతికేటోడు సుత రేపు గిట్లనే అడుగుతడు. గప్పుడు నీ చెయ్యి ఆగుతదో లేదో నాకెట్ల తెల్వాలె?"

గంగి అంతా విన్నది. ఏడుపు ఆపింది. వచ్చి అతని ఒళ్లో నుంచి కుండ తీసుకుంది. మగని తల తొడ మీద పెట్టుకుని, ఆ తెరిచిన నోట్లో నీళ్లు పోసింది. లోపలికి పోలేదు. చెంప మీద నుంచి చెవిలోకి కారాయి. కుండ ఒట్టిదయ్యేదాకా పోసింది.

తర్వాత ఒట్టి కుండ తెచ్చి రాజలింగం చేతిలో పెట్టింది.

"నింపుకరా సాబూ. గుడ్డలు ఉడకబెట్టాలె గద."

వాగు దగ్గర్లోనే ఉంది. రాజలింగం కుండ పట్టుకుని లేచాడు.