చెక్ మోటార్ అనే పేరు

ఆంజనేయప్ప గడ్డపార పట్టుకుని మేడమెట్లెక్కుతుంటే ఎవరూ ఆపలేదు. చిక్కబళ్ళాపురంలో ఆ రోజు సంత. పారలూ గడ్డపారలూ భుజాన వేసుకుని తిరిగేవాళ్ళు ఎంతమందో. పైకొచ్చి తలుపు ఒక్క తన్ను తన్ని, మొదటి బల్ల మీది కంప్యూటరును పొడిచాడు. గాజుపెంకులు ఎగిరి ఆ బల్ల దగ్గర పనిచేసుకుంటున్న సహన ఒళ్ళో పడ్డాయి. రెండో పోటుకు బల్ల కిందున్న డబ్బా నిప్పురవ్వలు కక్కి ఆగిపోయింది. అతని చొక్కా ముందంతా రక్తం ఎండి అట్టకట్టి ఉంది. అది అతని రక్తం కాదు.

"కిశోర్ అనేవాడు యాడుండాడు?"

కిశోర్ బాగేపల్లి పిల్లవాడు, సహనకు చిన్నమ్మ కొడుకు. ఈ పనిలో పెట్టించింది ఆమే. పాపం, మర్యాదగా లేచి నిలబడి, "నేనేనప్పా" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే గూబ పగిలింది.

"మా అన్నవి నాలుగు వేళ్ళు తిన్నాది గదరా నీ పెట్టె! రా, నీ చెయ్యి గూడా అదే బెల్టులో పెడతా. ఎట్లుంటాదో చూస్తువు రా!"

జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చుకుపోతుంటే వాడి మోకాళ్ళు ప్రతి మెట్టుకూ కొట్టుకున్నాయి. సహన చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరుగెత్తి టెంపో ఎక్కింది. ఎక్కుతుంటే ఆంజనేయప్ప మోచేత్తో పొడిచాడు. పెదవి చిట్లింది. అయినా దిగలేదు.

చిక్కబళ్ళాపురం జిల్లా అయి రెండేళ్ళు. అప్పటికే పల్లెపల్లెకూ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. సహన వాళ్ళ చిన్న కంపెనీ బావి మోటర్లకు ఒక పెట్టె బిగిస్తుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోను నొక్కితే చేలో మోటరు ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. ఆంజనేయప్ప అన్న, మిట్టేమరి ఊళ్ళోని పిళ్ళప్పకు కిశోర్ పోయి బిగించి పదిరోజులే అయింది. ఆ పొద్దున బెల్టు జారింది. పిళ్ళప్ప ఫోనులో ఆఫ్ నొక్కాడు. ఇదివరకైతే ఫ్యూజు కూడా పీకి జేబులో వేసుకునేవాడే. పెట్టె ఉంది కదా అని ఈసారి పీకలేదు. బెల్టును చక్రం మీదికి ఎక్కిస్తుండగా మోటరు తనంతట తానే నాలుగు సెకన్లు తిరిగి ఆగింది. చూడండి, నాలుగంటే నాలుగే సెకన్లు. ఆ కాస్తలోనే కుడిచేతి వేళ్ళు నాలుగూ తెగి బావిగట్టు కింది గుంతలో పడ్డాయి.

టెంపోలో కిశోర్ ముక్కు నుంచి రక్తం కారుతోంది. సహన వాడి చెవి దగ్గర నోరుపెట్టి అడిగింది.

"నా లైబ్రరీలో నువ్వు పిలిచిందేది రా?"

"చెక్ మోటార్ అక్కా. మోటరు బాగుండాదా లేదా చూసేదానికి. పదహైదు నిమిషాలకొకసారి పిలిచేట్టు రాత్రే పెట్టినా."



లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలది కాదు. మోటరుతో చేయించాల్సిన పనులన్నీ సహన ఒకచోట రాసి, ఒక్కో పనికీ ఒక్కో పేరు పెట్టింది. కిశోర్ లాంటివాళ్ళు ఆ పేరుతో పిలిస్తే పని జరిగిపోతుంది. లోపల ఏముందో వాళ్ళు చూడరు. పేరే వాళ్ళకు దారి, పేరే వాళ్ళకు నమ్మకం. చెక్ మోటార్ అని పిలిస్తే జరిగేదేమంటే, ఆఫ్‌లో ఉన్నా సరే, ఆ ఆఫ్‌ను దాటి మోటరును నాలుగు సెకన్లు తిప్పి, బాగుందో లేదో చెప్పడం.

మొదట ఆమె 'ఫోర్స్ రన్' అనే రాసింది. బలవంతంగా తిప్పడం అని. ఆ మాట తెర మీద చూసి ఒళ్ళు జలదరించింది. ఆ వైపు ఇళ్ళలో కీడు మాట నోట రానివ్వరు. దీపం ఆరిందనరు, కొండెక్కింది అంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. చిన్నప్పుడు ఒకసారి అయిపోయాయని అన్నందుకు అమ్మ మూతి మీద కొట్టింది. ఆ బెదురుతోనే సహన కొత్త పనికి చల్లని పేరు పెట్టుకుంది. మోటరు తిరుగుతుందని లోపల ఒక మూల రాసింది కూడా. ఆ మూలకు ఎవరు పోతారు?

"చెక్ అంటే ఊరికే చూసి చెప్తాది గదక్కా?" అన్నాడు కిశోర్, ఏడుస్తూ.

మిట్టేమరిలో ఇద్దరు మనుషులు కిశోర్‌ను బావిగట్టు మీద బోర్లా తోశారు. ఒకడు వీపు మీద మోకాలేసి, వాడి కుడిచేతిని బెల్టుకూ చక్రానికీ మధ్య ఇరికించాడు. బెల్టు మీద ఇంకా చర్మం అంటుకుని ఉంది. ఆంజనేయప్ప స్టార్టరు దగ్గరికి పోయాడు.

సహన నోరు తెరవకపోతే కిశోర్ చెయ్యి పోతుంది. తెరిస్తే తన చెయ్యి పోతుంది. ఆమెకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు.

"వాడు కాదప్పా! నేను. ఆ పేరు పెట్టింది నేను. తిప్పే పనికి చూసే పేరు పెట్టినా. వాడు నన్ను నమ్మి పిలిచినాడు, అంతే."

ఆంజనేయప్ప తిరిగి చూశాడు. వచ్చి చెంప మీద కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. కిశోర్ చెయ్యి లాగి పారేసి ఆమె చెయ్యి అక్కడ పెట్టాడు. "అట్లయితే నువ్వే పెట్టు మే!"

"మోటరు వేసినావంటే చంపేస్తా నా కొడకా!"

ఆ గొంతు కింది నుంచి వచ్చింది. పిళ్ళప్ప పెళ్ళాం కెంపమ్మ బెల్టు కింది గుంతలో నడుముదాకా దిగి బురద పిసుకుతోంది. వేళ్ళు తెస్తే కుట్టి చూస్తామని, పిళ్ళప్పను చేర్చిన ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోనులో చెప్పాడట. గట్టు మీద తడిగుడ్డలో మూడు ఉన్నాయి, కడిగినవి, తెల్లగా.

"ఈడ నేనుండా, కనపడలేదా? ఇంగొకటి దొరకల్ల. నా చేతులు గూడా తెగితే ఎవురు వెతుకుతారు?"

ఆంజనేయప్ప సహన చెయ్యి వదిలాడు. కాసేపటికి కెంపమ్మ పిడికిలి బయటికి తీసి నాలుగోదాన్ని గుడ్డలో పెట్టి మూట కట్టి మరిది చేతికిచ్చింది.

"ఎత్తుకోని పరిగెత్తు. ఆ పిల్లోన్ని గూడా తీసుకుపో, ముక్కుకు కట్టు కట్టించు."

టెంపో దుమ్ము లేపుకుంటూ పోయింది. కెంపమ్మ గట్టెక్కి సహన ఎదురుగా కూర్చుంది. మోచేతులదాకా ఎర్ర బురద.

"ఇట్లాంటి పెట్టెలు ఇంగెన్ని బావులకుండాయి?"

"ముప్పైఆరు. కానీ ఇప్పుడు తిరగవమ్మా. పిలిచే కంప్యూటరును మీ మరిది పగలగొట్టినాడు."

"మళ్ళ బాగుచేస్తారు గదా. నువ్వు పెట్టిన పేర్లన్నీ చెప్పు."

"రీడ్ కరెంట్."

"దాన్ని పిలిస్తే మోటరు తిరుగుతాదా?"

"తిరగదమ్మా."

"ఊ."

"స్టార్ట్ మోటార్."

"అది తిరిగేదని నాకే తెలుస్తాండాది. ఇంగోటి చెప్పు."

"రిఫ్రెష్..."

సహన ఆగిపోయింది.

"తిరుగుతాదా?"

"రెండు సెకన్లు."

కెంపమ్మ తడి చేతిని ఎత్తి ఆమె చెంప మీద ఒక్కటి కొట్టింది. చిట్లిన పెదవి మళ్ళీ చిట్లింది.

"ఊ," అంది కెంపమ్మ. "తర్వాతది చెప్పు."