ఏడో స్టాపు తాబేలు

ఈ ఊరు చూడడానికి వచ్చినవాళ్లందరికీ నా గొంతు తెలుసు. మొహం మాత్రం ఎవరికీ గుర్తుండదు. పైకప్పు లేని టూరిస్టు బస్సులో డ్రైవరు వెనక సీట్లో మైకు పట్టుకుని కూర్చునేది నేనే. "ఎడమ వైపు చూడండి, ఇప్పుడు కుడి వైపు చూడండి" అంటూ పద్నాలుగేళ్లుగా జనం మెడలు తిప్పుతున్నాను. తొమ్మిది స్టాపులు, రోజుకు రెండు ట్రిప్పులు. తోటివాళ్లు నాకు టేపురికార్డరు అని పేరు పెట్టారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత, టేపైనా అప్పుడప్పుడు తెగుతుంది, నేను తెగను కదా అని గర్వపడడం మొదలుపెట్టాను.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తొమ్మిది చోట్లలో ఒక్కదాని లోపలికి కూడా నేను అడుగు పెట్టలేదు. బస్సు ఆగగానే జనం దిగి లోపలికి పోతారు. వాళ్లు తిరిగొచ్చే నలభై నిమిషాలూ డ్రైవరు పేపర్లో గళ్ల నుడికట్టు నింపుకుంటాడు, నేను మొహం మీద టోపీ కప్పుకుని కునుకు తీస్తాను. ఈ ఊరి ఎండకీ ఉక్కపోతకీ అంతకన్నా తెలివైన పని నాకు తోచలేదు. చెప్పాల్సినదంతా ఉద్యోగంలో చేరిన రోజే కంపెనీవాళ్లు ఒక చిన్న పుస్తకంలో ఇచ్చారు. బట్టీ పట్టాను. పుస్తకం ఎప్పుడో పోయింది, బట్టీ మిగిలింది.

బస్సులో కోతలు కోస్తే జీతం ఇస్తారు. నేను ఇంట్లో కూడా ఉచితంగా కోశాను, వచ్చిన చిక్కల్లా అదే. మా ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్లిపోతుంది. అందుకని మా అమ్మాయికి జడలు వేసే పని నాది. తొమ్మిదేళ్ల పిల్ల. అడిగినదానికి జవాబు వచ్చేదాకా వదలదు కాబట్టి ఇంట్లో లాయరమ్మ అంటాం. జడ పూర్తయ్యేదాకా ఆ పిల్ల కదలకుండా ఉండాలంటే కథ చెప్పాలి. నాకొచ్చిన కథ ఒక్కటే. ఏడో స్టాపు జంతువుల పార్కు, అందులో నూట అరవై ఏళ్ల తాబేలు. పుస్తకంలో దాని గురించి ఉన్నవి రెండు వాక్యాలు. మా పిల్ల జుట్టేమో ఒత్తు. రెండు వాక్యాలకు ఒక జడ కూడా కాదు. అందుకని కాస్త కలిపాను. దాన్ని అందరూ తాతగారు అంటారన్నాను. మందారపువ్వంటే ప్రాణం పెడుతుందన్నాను. మా బస్సు హారన్ వినగానే తలెత్తి గేటు వైపు చూస్తుందన్నాను.

"నీకోసమేనా నాన్నా?"

"మరి? డ్రైవరు కోసమా?"

ఆ ముక్క పట్టుకెళ్లి బడిలో చెప్పింది. మీ నాన్న ఉత్త కోతలరాయుడు అందట పక్క బెంచీ పిల్ల. మా నాన్న అబద్ధం చెప్పడు అని ఇది. మాటా మాటా పెరిగింది. సోమవారం క్లాసులో అందరూ తాము చూసిన చోటు గురించి నిలబడి చెప్పాలట. తాతగారి పక్కన నాన్న ఉన్న ఫోటో తెచ్చి చూపిస్తానని మా అమ్మాయి అందరి ముందూ పందెం కాసి వచ్చింది. ఇంటికొచ్చి నాకు చెబుతుంటే దాని మొహంలో అనుమానం మచ్చుకైనా లేదు.

ఆ తొమ్మిది చోట్లకీ చెల్లేలా సిబ్బందికి ఏడాదికోసారి కంపెనీ ఇచ్చే కుటుంబ పాసు డ్రాయర్లో ఉంది. పదమూడు పాసులు అలాగే గడువు దాటిపోయాయి. పద్నాలుగోది తీసుకుని ఆదివారం ముగ్గురం బయల్దేరాం. మా అమ్మాయి సంచిలో తడిగుడ్డలో చుట్టిన మందారపువ్వు ఉంది.

ముందు చేపల మ్యూజియం. దర్జాగా ముందు నడిచి ఇద్దరినీ ఒక గేటు దగ్గరికి తీసుకెళ్లాను. "ఇది బయటికొచ్చే దారండీ. లోపలికెళ్లేది అటు" అన్నాడు కాపలా ఆయన. మా ఆవిడ మామూలుగా అటు నడిచింది. నోట్లో సూదులు దిగుతున్నవాళ్ల ముందు కూడా మొహం మార్చకుండా నిలబడే మనిషి ఆవిడ. లోపల అద్దాల సొరంగం వచ్చింది. "నలభై మీటర్ల పొడవు, దేశంలోకెల్లా పెద్దది" అన్నాను బస్సు గొంతుతో. మా లాయరమ్మ అడుగులు లెక్కపెట్టుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లింది.

"ఇరవై రెండే వచ్చాయి నాన్నా. నావి చిన్న అడుగులు కూడా."

"చేపలున్న చోట దూరం తక్కువగా కనిపిస్తుంది" అన్నాను. ఎలా కనిపిస్తుందో నాకే తెలియదు.

పక్షుల తోటలో నా పరువు కాసేపు నిలబడింది. చిలకల గూడు ముందు నోరు విప్పగానే వెనక జనం చేరారు. పద్నాలుగేళ్లలో నా మొహం చూస్తూ విన్నవాళ్లు వీళ్లే మొదలు. ఒళ్లు తెలియకుండా పావుగంట వాయించాను.

"మైకు లేకపోయినా ఇంతేనా మీరు?" అంది మా ఆవిడ.

ఇంతలో ఒక పెద్దావిడ "బాబూ, బాత్రూమ్ ఎటు?" అని అడిగింది. నేను నలువైపులా చూశాను. జనం కూడా నాతో పాటు నలువైపులా చూశారు. తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ పెద్దావిడను మా ఆవిడే తీసుకెళ్లింది.

మధ్యాహ్నం వాన కుండపోతగా కురిసి, ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. నేల మీంచి ఆవిరి లేస్తుండగా జంతువుల పార్కులో అడుగుపెట్టాం. గేటుకు నలభై అడుగుల దూరంలోనే తాబేలు ఆవరణ. నడుము ఎత్తు గోడ, లోపల ఇసుక, ఒక మూల పెద్ద గొయ్యి. తాబేలు లేదు. తెల్లగడ్డం పనివాడొకాయన ఆకులు ఊడుస్తున్నాడు. మా అమ్మాయి గోడ మీదికి వంగింది.

"తాతగారు ఎక్కడండీ?"

"ముసలాయనా? పోయి ఆరేళ్లయిందమ్మా."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. నేను గొయ్యి వైపు చూశాను. ఆరేళ్లంటే రోజుకు రెండుసార్లు చొప్పున ఎన్నిసార్లు దాన్ని మైకులో బతికించానో లెక్క వేసే ధైర్యం రాలేదు. కనబడలేదని ఎవరైనా వచ్చి చెబితే "నిద్రపోతూ ఉంటుందండీ, పెద్ద వయసు కదా" అని సర్దిచెప్పేవాణ్ణి.

"అది కాదమ్మా," అని ఆయన చీపురు గోడకి ఆనించాడు. "ఆ పైకప్పు లేని బస్సులో ఒకడుంటాడు. రోజూ వచ్చి, తాబేలు లోపలుంది చూడండి చూడండి అని మైకులో ఊదరగొడతాడు. జనం వచ్చి లేదని నన్ను తిట్టిపోస్తారు. మనిషిని ఎప్పుడూ చూళ్లేదు గానీ, గొంతు మాత్రం నిద్రలో వినిపించినా గుర్తుపడతా. దొరకాలి గానీ, వదిలిపెట్టను."

నేను నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా మూసుకోవడం అదే మొదలు. ఆయన నన్ను పలకరించాడు. "మీరు ఈ ఊరేనా సార్?" తల ఊపాను. "ఏం పని చేస్తుంటారు?" చేతులు గాల్లో తిప్పాను. ఏ ఉద్యోగానికి అలా తిప్పుతారో ఆయనకు అర్థం కాలేదు.

"ఏంటి సార్, మాట్లాడరు?"

"మా నాన్నకి జలుబండీ," అంది మా అమ్మాయి. "గొంతు పోయింది."

రెప్ప వేయకుండా చెప్పింది. అచ్చం నేను చెప్పినట్టే చెప్పింది. అది అబద్ధమాడడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను కాపాడడానికే మొదటి అబద్ధం ఆడింది. నా మీద నాకు అసహ్యం వేసింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఈసారి మొహం మారింది.

"గొంతు పోలేదండీ," అన్నాను. "ఆ బస్సులో..."

అంతే. నాలుగో మాటకే ఆయన చీపురు అందుకున్నాడు. "నువ్వా!"

"నేనే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. పుస్తకంలో ఉన్నది చెప్పాను. లేనిది మా పాపకి కల్పించి చెప్పాను. బస్సు హారన్ వింటే తాబేలు తలెత్తి చూస్తుందని చెప్పాను. అంతా నా కోతే."

ఆయన నన్ను కొట్టలేదు. చీపురు కిందికి దించాడు.

"ఎత్తేదయ్యా," అన్నాడు.

"ఏంటి?"

"తల. మీ బస్సు వచ్చే టైముకే నేను మేత వేసేవాణ్ణి. డ్రైవరు గేటు దగ్గర రెండు హారన్లు కొడతాడు చూడు, దానికి మేతొచ్చిందని లెక్క. చప్పుడు వినగానే ఇంత మెడ చాచి అదిగో, ఆ గేటు వైపే చూసేది. నడవలేని రోజుల్లో కూడా చూసింది."

నేను గేటు వైపు చూశాను. బస్సు ఆగే చోటు అక్కడి నుంచి చక్కగా కనబడుతోంది. తాబేలు ఎనిమిదేళ్లు మెడ చాచి చూసింది, నేను ఎనిమిదేళ్లు టోపీ కప్పుకుని పడుకున్నాను. నా బతుకులో చెప్పిన ఒకే ఒక్క నిజం నాకు తెలియకుండా చెప్పాను.

మా అమ్మాయి సంచిలోంచి పువ్వు తీసింది. "ఇది తినేదా?"

"మందారమా? మూతి తిప్పుకునేదమ్మా. బొప్పాయి తొక్కలైతే ఎన్నైనా తినేది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా అమ్మాయి నవ్వలేదు. పువ్వు మళ్లీ గుడ్డలో చుట్టి, వాళ్లమ్మ దగ్గర ఫోను తీసుకుంది.

"గొయ్యి పక్కన నిలబడు నాన్నా."

"ఎందుకమ్మా? తాతగారు లేరు కదా."

"నువ్వున్నావు కదా. రేపు ఉన్నదే చెప్తాను."

ఆయన గోడ తలుపు తీశాడు. తడి ఇసుకలో గొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఫోటో తీసింది.

సోమవారం ఉదయం బస్సు ఏడో స్టాపుకు చేరింది. అదే సమయానికి బడిలో మా అమ్మాయి కూడా లేచి నిలబడి ఉంటుంది. మైకు నోటి దగ్గర పెట్టుకుంటే పాత మాటలు వాటంతట అవే నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను.

"ఇక్కడ ఒక తాబేలు ఉండేదండీ. ఈ బస్సు హారన్ వినగానే తలెత్తి చూసేది. నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు లేదు."

డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను వింతగా చూసి, అలవాటు ప్రకారం రెండు హారన్లు కొట్టాడు. టోపీ సీటు మీద పెట్టి, జనంతో పాటు నేనూ దిగాను.