వెనక వరండా కాపలా

నేను ఒక ఫిల్టర్ని. కాఫీ వడబోసేదాన్ని కాదు, మంచినీళ్లు వడబోసేదాన్ని అంతకన్నా కాదు. ఉత్తరాలు వడబోసేదాన్ని. అవీ కాగితం ఉత్తరాలు కావు, ఫోనులోకి వచ్చిపడే ఈమెయిళ్లు. పట్టుకుందామంటే చేతికి దొరకను, చూద్దామంటే నాకో రూపం లేదు. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఒక వాక్యమై పడి ఉంటాను. ‘ఫలానా మాట కనబడితే ఆ ఉత్తరాన్ని ఫలానా చోట పెట్టు.’ నా పుట్టుకా చదువూ ఉద్యోగమూ అన్నీ అదే. ఇంత చిన్నదానికి కథేముంటుందనుకుంటారేమో, కాస్త కూర్చోండి, చెబుతాను.

నేను పుట్టింది తెనాలిలో, చిదంబరంగారి డ్రామా డ్రెస్సుల కొట్టులో. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, జడలు, పెట్టుడు మీసాలు, ఏం కావాలన్నా అద్దెకిస్తారు. అట్టకి బంగారు కాగితం అంటించి, అద్దాలు కుట్టి, చిదంబరంగారు చేసిన కిరీటం పెట్టుకుంటే కిరాణా కొట్టు గుమాస్తా కూడా సాయంత్రానికి చక్రవర్తి అయిపోతాడు. పనితనం ఆయనది, పెత్తనం ఆయన భార్య భ్రమరాంబగారిది. ఏ ట్రూపుకి ఏ పెట్టె పంపాలి, ఎవరు గద విరగ్గొట్టి అతికించి తెచ్చారు, అన్నీ ఆవిడ నోటిమీదే ఉండేవి.

ఆ కొట్టుకి ఒక ఆనవాయితీ ఉంది. కాటి సీను ఎరుగుదురు కదా, శ్మశానంలో తల్లి బిడ్డని ఒళ్లో పెట్టుకొని ఏడ్చే సీను. ఆ బట్టల పెట్టె ముందుగదిలో ఉండదు, వెనక వరండాలో ఉంటుంది. పొద్దున బోణీ కాకముందు దాని మూత తీయరు. ఆ బట్టలు చేతికివ్వరు, నేలమీద పెడతారు, తీసుకునేవాళ్లు వంగి తీసుకోవాలి. తిరిగిచ్చేటప్పుడూ అంతే. ఎవరు పెట్టిన పద్ధతండీ ఇది అంటే చిదంబరంగారు తన నాయన పేరు చెబుతారు. ఆయన బతికుండగా అడిగితే తన నాయన పేరు చెప్పేవాడట. మనుషులు భయాన్ని కూడా ఆస్తిలాగే పంచుకుంటారు, పాపం.

ఆ సీను తల్లి వేషం నాగరత్నంగారిది. ఆవిడ ట్రూపు నడిపే మనిషి, భ్రమరాంబగారికి ప్రాణస్నేహితురాలు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకళ్లనొకళ్లు వదినా అనే పిలుచుకునేవాళ్లు. నాగరత్నంగారు స్టేజీ ఎక్కే ముందు ఆ తెల్ల చీర కట్టాల్సింది భ్రమరాంబగారే. ఇంకెవరు కట్టినా ఆవిడకి నచ్చదు.

ఒక వానరోజు దీపాలు పెట్టే వేళ నాగరత్నంగారు బట్టలు తిరిగివ్వడానికి వచ్చింది. నేలంతా తడి. మూట కింద పెట్టకుండా, ఎదురుగా ఉన్న చిదంబరంగారి చేతుల్లో పెట్టేసి ఆటో ఎక్కింది. కాసేపటికి ఆయన ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది.

అప్పుడు పుట్టాను నేను. ఆస్పత్రిలో, ఆయన మంచం పక్కన.

నన్ను పుట్టించింది ప్రసూన, చిదంబరంగారి చెల్లెలి కూతురు, బ్యాంకులో ఉద్యోగం. మేనమామని చూడ్డానికొచ్చి అత్తయ్య ఫోను తీసి చూస్తే కళ్లు తిరిగాయి. రంగు కాగితాల కంపెనీల ప్రకటనలు, కరెంటు బిల్లులు, ఏదో లాటరీ తగిలిందన్న అబద్ధాలు, వాటి మధ్య ఎక్కడో ఇరుక్కుని బడివాళ్ల ఆర్డరు. ఆ బడి వార్షికోత్సవం దేవుళ్లు లేకుండానే అయిపోయింది.

"ఇట్టా కాదత్తయ్యా. కొట్లో పెట్టెలు సర్దినట్టు ఇక్కడా సర్దుదాం. ఒక్కో రకానికి ఒక్కో లేబులు. వచ్చిన మెయిలు దానంతటదే వెళ్లి దాని చోట కూర్చుంటది" అంది ప్రసూన.

దేవుళ్ల పెట్టె, రాజుల పెట్టె, రాక్షసుల పెట్టె అని లేబుళ్లు పుట్టాయి. ఒక్కో లేబులుకి ఒక్కో ఫిల్టరు, అంటే మా అన్నలూ అక్కలూ. యముడి దగ్గరికొచ్చేసరికి తగువొచ్చింది.

"వాణ్ణి రాక్షసుల్లో వేస్తావేందే? యముడు దేవుడు! దిక్పాలకుడు!"

"ఆ మీసాలూ కొమ్ములూ చూసి దేవుడనుకోలా అత్తయ్యా. పోనీ రెండు లేబుళ్లూ తగిలిస్తాలే."

"ఒకే పెట్టె రెండు గదుల్లో ఎట్టా ఉంటదే?"

"ఇక్కడ ఉంటది."

ఆస్పత్రిలో అడుగుపెట్టాక భ్రమరాంబగారు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఇంకా మొహంమీద ఉండగానే ఫోను టింగుమంది. నాగరత్నంగారి దగ్గర్నుంచి. భ్రమరాంబగారు ఫోను ఎత్తడం మానేసింది కనక, ఆవిడ ట్రూపు మెయిలు నుంచి రాస్తోంది. ‘కాటి సీను బట్టలు’ అని పైన కనబడింది. భ్రమరాంబగారి మొహం మాడిపోయింది.

"ఈ మాట నా కంటబడకుండా చెయ్యవే."

"పేరు మీద ఆపేదా?"

"దాని పేరు కాదు. ఆ మాట. ఎవరు రాసినా సరే."

ప్రసూన నన్ను రాసింది. ‘కాటి సీను’ అని తెలుగులో, ఇంగ్లీషులో జనం ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగా. కనబడితే ఇన్‌బాక్సులోకి రానివ్వకు, వెనక వరండా అనే లేబులు తగిలించి అక్కడ పడెయ్. అంతటితో ఆగలేదు భ్రమరాంబగారు. చదివినట్టుగా కూడా గుర్తు పెట్టమంది.

"అట్టా పెడితే వచ్చిందో లేదో కూడా తెలీదు నీకు" అంది ప్రసూన.

"తెలీకపోవడమే నాక్కావల్సింది."

అలా నా ఉద్యోగం మొదలైంది. నా పని నేను బాగానే చేశాను, చెప్పుకోకూడదు గానీ. మా రాక్షసుల పెట్టె అన్నయ్య అప్పుడప్పుడూ దోమలమందు ప్రకటనల్ని కూడా లోపలికి లాక్కునేవాడు. నేను మాత్రం ఒక్కటీ వదల్లేదు. నాగరత్నంగారి ఉత్తరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. ఆవిడ రాసేది కాదు, ఫోనుకి చెబితే అది రాసుకునేది. అందుకే అవి ఉత్తరాల్లా ఉండవు, గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టుంటాయి. ‘వదినా, అన్నయ్యకి ఎట్టా ఉంది? కాటి సీను ఉంది బాపట్లలో, చీర పంపుతావా?’ ‘వదినా, ఆస్పత్రికొస్తే గేటు దగ్గరే నన్ను చూసి మొహం తిప్పుకున్నావంట, మా హార్మోనిస్టు చెప్పాడు. కాటి సీను బట్టలు తిరిగివ్వడం తప్ప నేనేం చేశానే?’ ‘వదినా, పెనుగొండలో కాటి సీను వేశా. వేరే కొట్టు చీర. ఒంటికి చుట్టుకుంటే ఏడుపు రావట్లా. జనం ఏడవలా, నేనూ ఏడవలా.’

ప్రతి ఉత్తరంలోనూ నా మాట ఉండేది. ఆవిడ బతుకే ఆ సీను కదా, అది లేకుండా రెండు ముక్కలు ఎలా చెబుతుంది? నేను తీసుకెళ్లి వరండాలో పెట్టేదాన్ని. ఒక్కోసారి అనిపించేది, ఈ ఒక్కదాన్ని పొరపాటున ముందుకు జారవిడిస్తే ఏం పోతుందీ అని. కానీ పొరపాటు చేసే వరం మనుషులకే గానీ మాలాంటివాటికి లేదు.

ఏడాది తిరిగింది. చిదంబరంగారు కర్ర పట్టుకొని నడుస్తున్నారు. మాట కూడా వస్తోంది, ముక్కలు ముక్కలుగా. కుడిచెయ్యి కుదుటపడేలోపు ఎడంచేతి బొటనవేలికి పని చెప్పండి, ఫోను నొక్కుతుండండి అన్నాడు డాక్టరు. అలా నేను మూడో చేతిలో పడ్డాను. ఆయనకి లేబుళ్లు చూసి ముచ్చటేసింది. కొట్లో పెట్టెలు తెరిచినట్టే ఒక్కోటీ తెరిచి చూస్తూ కూర్చునేవారు. దేవుళ్లు అయ్యారు, రాజులు అయ్యారు, రాక్షసులు అయ్యారు. ఒకరోజు మధ్యాహ్నం, అన్నం తిని పడక్కుర్చీలో కూర్చొని, వెనక వరండా మీద వేలు పెట్టారు.

ఒక్కో ఉత్తరమూ తెరిచి చివరిదాకా చదివారు. తర్వాత, "భ్రమరా" అన్నారు.

ఆవిడ కిరీటాలు తుడుస్తోంది. "ఏమండీ, మంచినీళ్లా?"

"నాగరత్నం... రాసింది. ఇన్ని."

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. "చూడమాకండి. ముయ్యండి దాన్ని. మిమ్మల్ని మంచాన పడేసిన మనిషి."

"ఎవరు?"

"అదే! ఆ మూట మీ చేతుల్లో పెట్టలా? పద్ధతి తెలిసీ?"

ఏడాదిగా తన పక్కనే కూర్చుని అన్నం కలిపి పెడుతున్న మనిషి లోపల ఇంత పెట్టుకుందని ఆయనకి తెలీదు. ఆవిడా ఆయన ముందు ఎన్నడూ అనలేదు, జబ్బు మనిషి ముందు ఎందుకని.

"కత్తెర" అన్నారు. "ఆవేళ... పొద్దున. చేతిలోంచి జారింది. మళ్లీ... జారింది. చెయ్యి... తిమ్మిరి. ఆ పిల్లొచ్చింది... సాయంత్రం."

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే."

"మరి చెప్పరేమండీ!"

"నోరేదీ?" అన్నారు, ఒకవైపుకి వంకరగా నవ్వి. "నీకు కోపమనీ... ఎవరు చెప్పారు నాకు?"

భ్రమరాంబగారు కింద కూలబడింది. ఆయన చివరి ఉత్తరం తెరిచి ఫోను ఆవిడ ఒళ్లో పెట్టారు. ‘వదినా, శనివారం రేపల్లెలో కాటి సీను. ఇదే ఆఖరు నాకు. మోకాళ్లు అరిగిపోయినయ్యంట, కింద కూర్చొని లేవొద్దంటున్నాడు డాక్టరు. కూర్చోకుండా ఎట్టా ఏడ్చేది ఆ సీనులో? అందుకని మానేస్తున్నా. వచ్చి చీర కట్టు. ఆ తర్వాత మాట్లాడకపోతే మానెయ్.’

"ఇవాళ ఏ వారమండీ?"

"శనివారం."

ఫోను ఎక్కడుంటే నేనక్కడ కనక, ఆ సాయంత్రం భ్రమరాంబగారి చేతిసంచిలో నేనూ రేపల్లె వెళ్లాను. స్టేజీ వెనక తడికల గదిలో నాగరత్నంగారు అప్పటికే మొహానికి రంగు వేసుకొని నిలబడి ఉంది.

"ఎవరూ! తోవ తప్పి వచ్చావా మహాతల్లీ?"

"నోరు మూసుకొని తిన్నగా నుంచో. ఎవరే ఈ చీర కట్టింది, బియ్యం బస్తాకి గోనె చుట్టినట్టు?"

"నేనే కట్టుకున్నా. కట్టే దిక్కు లేక."

భ్రమరాంబగారు తను తెచ్చిన తెల్ల చీర మడత తీసి, అలవాటుకొద్దీ నేలమీద పెట్టింది. నాగరత్నంగారు వంగబోయి సగంలో ఆగి, గుంజ పట్టుకుంది.

"వంగలేనే వదినా."

అవతల హార్మోనియం శ్రుతి చూసుకుంటోంది. భ్రమరాంబగారే వంగి, చీర తీసి, ఆవిడ చేతుల్లో పెట్టింది.

"అయ్యో, పద్ధతి!" అంది నాగరత్నంగారు, బెదిరిపోయి.

"పద్ధతికేంలే. తప్పు నాది. ఇక కట్టనీ, రంగు చెరిగిపోద్ది, ఏడవమాక. ఏడుపు స్టేజీ మీద ఏడువు."

ఆ రాత్రి ఆవిడ ఎలా ఏడిచిందో నేను సంచిలోంచి విన్నాను. జనం ముక్కులు చీదుకోవడం కూడా విన్నాను. అందరికన్నా గట్టిగా చీదింది సంచి పక్కన కూర్చున్నావిడే.

మర్నాడు భ్రమరాంబగారు సెట్టింగులు తెరిచి నా దగ్గరికొచ్చింది. ‘తొలగించు’ మీద వేలు పెట్టింది.

"దాన్నెందుకే?" అన్నారు చిదంబరంగారు. "నువ్వు... చెప్పిందే చేసింది."

ఆవిడ కాసేపు ఆలోచించి, ప్రసూనకి ఫోను చేసి అడిగి, ఇన్‌బాక్సులోకి రానివ్వొద్దనే టిక్కు తీసేసింది. చదివినట్టు పెట్టే టిక్కూ తీసేసింది. లేబులు మాత్రం ఉంచింది. ఇప్పుడు ఆ మాట ఉన్న ఉత్తరమొస్తే నేను దాచను. చిన్న బొట్టు పెట్టి లోపలికి పంపిస్తానంతే. ఏమాటకామాట, దాచే రోజులకన్నా ఈ రోజులే హాయిగా ఉన్నాయి. మనుషులు చూడొద్దనుకున్నవన్నీ మాకు అప్పజెప్పి, చూడలేదని తర్వాత బాధపడతారు. వాళ్ల మీద కోపం రాదు నాకు, జాలే వస్తుంది.

నాకిప్పుడు పెద్దగా పనిలేదు. నాగరత్నంగారు వేషం మానేసింది. ఉత్తరాలు రాయడం మాత్రం మానలేదు. ఫోను చేయొచ్చు కదే అంటే, ఫోనైతే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు అంటుందట. నిన్న ఒకటొచ్చింది. ‘వదినా, గోంగూర దంచా. అన్నయ్యకి కారం తగ్గించి వేరే తీశా. ఆదివారం ఇద్దరూ రండి. మోకాళ్ల నొప్పి అని చెప్పి నీ చేతే వడ్డించుకుంటా.’

మొదటినుంచి చివరిదాకా చూశాను. అందులో నా మాట లేదు. అది నన్ను దాటుకుని, నేరుగా ముందుగదిలోకి వెళ్లిపోయింది.