పది రోజుల కూనిరాగం

గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే కోడలు పది రోజులుగా కూనిరాగాలు తీస్తూ వంట చేయడం అత్తగారికి గుబులు పుట్టించింది. ఆరేళ్లుగా చీటికీ మాటికీ విసుక్కునే మనిషి ఉన్నట్టుండి ఇలా మారితే మతి చలించిందనే ఆమె అనుకుంది. చివరికి తానే వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఊరికే నవ్వుతోందమ్మా. నిన్న నేను పాలు మాడబెట్టినా పల్లెత్తు మాట అనలేదు," అని మొరపెట్టుకుంది.

డాక్టరమ్మ నవ్వాపుకుని, "ఈమధ్య ఏమైనా మారిందా?" అని కోడలిని అడిగింది.

"ఇంట్లో ఏం లేదండీ. ఇదివరకు మర్నాడు పని ఉందో లేదో ఫ్యాక్టరీవాళ్లు సాయంత్రం ఫోన్లో చెప్పేవారు. ఈ నెల నుంచి ఏయే రోజులు పని ఉందో నెల మొత్తానికీ ఒకేసారి రాసి గోడకు అంటిస్తున్నారు."

అత్తగారికి అప్పుడు తట్టింది. ఆరేళ్లూ ప్రతి సాయంత్రం కోడలు ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకునే ఉండేది. తాను గయ్యాళితనమని పేరు పెట్టింది ఆ ఎదురుచూపుకే.

"అయితే మందేమీ రాయరా?" అంది బెరుగ్గా.

"అక్కర్లేదు పెద్దమ్మగారూ. పాడనివ్వండి."

"సరే, పదవే. పాట ఎలాగూ తప్పేట్టు లేదు, శ్రుతైనా సరిచేస్తాను," అంటూ అత్తగారు కోడలి భుజం పట్టుకుని లేచింది.