గంగాలమ్మ కూర చేపలు

క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టనని గంగాలమ్మ మూడోసారి చెప్పింది.

"ఒక్క సంతకం పిన్నీ. కంపెనీ రాజీకొస్తుంది, కేసు పోతుంది," అంది లాయరు శ్రీసత్య, మద్దిలపాలెంలోని తన ఇరుకు ఆఫీసులో తల పట్టుకుని.

"తప్పయిపోనాది, సెమించండని రాసుంది కదా లాయరమ్మా అందులో. నాను తప్పు సెయ్యనేదు. సంతకం ఏటని ఎట్టీమంతావు?"

మొండిదంటే మొండిదే మరి! కానీ ఆ మొండితనానికి కారణముంది. ఫిషింగ్ హార్బరు పక్కన చేపలు ఎగుమతి చేసే కంపెనీలో పందొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. ఎన్నడూ పరాయి చేప మీద చెయ్యి వేసి ఎరగదు. అలాంటిది, రెండేళ్ళ కిందట పొద్దుటి షిఫ్టు దిగి వస్తుంటే, గేటు దగ్గర ఆమె సంచిలో రెండు చందువా చేపలు దొరికాయి. సూపర్వైజరు కృష్ణంరాజు పోలీసుల్ని పిలిచాడు. ఉద్యోగం ఊడింది. దొంగ అన్న పేరు ఆమెకన్నా ముందే రేవంతా తిరిగొచ్చింది, ఇంకే కంపెనీ పని ఇవ్వలేదు. ఇప్పుడు కేసు ఓడిందా, ఆ పేరు చచ్చేదాకా వదలదు.

నిజానికి ఆ చేపలు ఇచ్చింది కోటి, ఆమె మేనల్లుడు. ఆ రోజు టిఫిను వేళ జెట్టీకి వెళ్ళి అతని బోటు సరుకు ఏరిపెడితే, కూరకని చేతిలో పెట్టాడు. సాక్ష్యం చెప్పడానికి వాడు సిద్ధమే. గంగాలమ్మే వద్దంది.

"నీ సరుకంతా ఆ కంపెనీయే కొంతాది. నువ్వు నోరిప్పితే నీ బోటు మీద పన్సేసే కళాసీల నోట మట్టి పడతాది. నా పరువు నాను కాసుకుంటాన్రా," అని పంపేసింది.

ఇక మిగిలిన సాక్ష్యం పోలీసులు తీసిన ఫొటో ఒక్కటే. చేపలు కుళ్ళిపోతాయి కదా, కోర్టుకి ఫొటోనే వచ్చింది. విచారణకి ముందు రోజు శ్రీసత్య దాన్ని మళ్ళీ చూసి, "ఈ తోకలు ఇలా పాడయ్యాయేం?" అని అడిగింది.

"పాడవడం ఏటి? కూరసేపలు కదా," అంది గంగాలమ్మ.

రేవులో పద్ధతి అది. వేలానికి ముందు కళాసీలు ఇంటి కూరకి తీసుకునే చేపలకి కత్తితో తోక తెగ్గొడతారు, అమ్మే బుట్టల్లో కలిసిపోకుండా. శ్రీసత్య తాతది గోదావరి వైపు, స్టీల్ ప్లాంటు ఉద్యోగానికని ఈ ఊరొచ్చాడు. ఆ పిల్లకి చేపంటే గిన్నెలో ఉడికినదే తెలుసు.

"ఈ మాట రెండేళ్ళ నుంచీ ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"అందరికీ తెలిసిందే కదమ్మా. ఉప్పు ఉప్పగుంటాదని ఎవులైనా సెప్తారేటి?"

మర్నాడు కోర్టులో కృష్ణంరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు.

"తోక తెగిన చందువాని మీ కంపెనీ కొంటుందా?" అని అడిగింది శ్రీసత్య.

"అలాంటివి మా గేటు లోపలికే రావండి. విదేశాలకి వెళ్ళే సరుకండి మాది," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"లోపల ఎవరి చేతిలోనైనా తెగే అవకాశం?"

"చేపని చేపలాగే పంపుతామండి. కత్తి తగలనివ్వం."

"ఆ రోజు లోపల తోక తెగిన చేప ఒక్కటైనా ఉందా?"

"ఒక్కటీ లేదండి. కావాలంటే రాసిస్తాను."

శ్రీసత్య ఫొటో తీసి అతని ముందు పెట్టింది. కృష్ణంరాజు చూశాడు, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. రెండు చేపల తోకలూ తెగే ఉన్నాయి. మేజిస్ట్రేటు ఫొటో అందుకుని, కలం తీసి ఆ మాట రాసుకున్నారు. వెనక బల్ల మీద గంగాలమ్మ మాత్రం పెళ్ళిపందిట్లో పెద్దముత్తైదువలా కూర్చునుంది. ఆ క్షణాన ఆమెకి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

నెల తిరక్కుండా కేసు కొట్టేశారు. తీర్పు రోజు కోర్టు మెట్ల దగ్గర కృష్ణంరాజే ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు.

"కంపెనీవాళ్ళు మీ ఉద్యోగం మళ్ళీ ఇమ్మన్నారమ్మా. రేపు పొద్దున్నే, జనం రాకముందే వచ్చెయ్యండి. వెనక తలుపు తీయిస్తాను. జరిగిందేదో జరిగిపోయింది."

గంగాలమ్మ కొంగు బిగించి నడుముకి దోపుకుంది.

"నన్ను మజ్జాన్నం రెండింటికి జీపెక్కించినారు బాబూ. ఓ షిఫ్టు దిగతంది, ఓ షిఫ్టు ఎక్కతంది. అంతమందీ సూసేరు. నాను రేపు రెండింటికే వత్తాను, ముందు గేటునించే. నువ్వక్కడుండాల."

"ఉండి నేనేం చెయ్యాలమ్మా?"

"ఏటీ సెయ్యక్కర్నేదు. అందరి ముందూ నన్ను రమ్మని పిలు, సాలు."

మర్నాడు రెండు గంటలకి ముందే కృష్ణంరాజు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.